పింఛను జీతంలో భాగమైతే, అది స్వలింగ సహచరుడికి ఎందుకు అందదు?

2025 జనవరిలో కేంద్రం ఏకీకృత పింఛను పథకం నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు పాత అలవాటు కొద్దీ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. నా ఉద్యోగమంతా పింఛను కాగితాల మధ్యే గడిచింది, రిటైరయ్యాక కూడా ఆ ఆసక్తి పోలేదు. 25 ఏళ్ల సర్వీసుకు సగటు బేసిక్‌లో సగం, కనీసం పదివేలు, దాని మీద కరువు ఉపశమనం. ఇవన్నీ సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో నలిగి నలిగి అందరికీ తెలిసినవే. నన్ను ఆపింది కుటుంబానికి వచ్చే వాటా గురించిన నిబంధన. పింఛనుదారు పోయాక అందులో 60 శాతం చట్టబద్ధంగా పెళ్లయిన జీవిత భాగస్వామికి వెళ్తుంది. అదీ రిటైరయ్యే నాటికే ఆ పెళ్లి అయి ఉండాలి. మన చట్టంలో స్వలింగ వివాహం లేదు కాబట్టి ఆ జంటలకు ఇందులో చోటు లేదు.

ఇందులో కొత్తేముంది అంటారేమో. ఈ నోటిఫికేషన్‌కు తొమ్మిది నెలల ముందే, 2024 ఏప్రిల్‌లో, స్వలింగ జంటల ఇబ్బందులు పరిశీలించడానికి కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన కమిటీ వేసింది ఇదే కేంద్ర ప్రభుత్వం. ఆ కమిటీ వేయమన్న సుప్రీంకోర్టు తీర్పు ఉద్యోగ ప్రయోజనాలనూ పరిశీలించమంది. ఒకవైపు కమిటీ ఉండగానే ఇంకోవైపు కొత్తగా రాసిన పథకంలో పాత తలుపే మళ్లీ బిగించారు. ఈ పథకంలో చేరిన ఉద్యోగి బేసిక్, డీఏ కలిపి నెలనెలా 10 శాతం కోత పడుతుంది. పెళ్లయినవాళ్లకూ అంతే, పాతికేళ్లుగా మరో పురుషుడితో కాపురం చేస్తున్నవాడికీ అంతే. కోతలో తేడా లేదు. చనిపోయాక మాత్రం తేడా వస్తుంది.

నా వాదన ఇంతే. స్వలింగ వివాహం సంగతి పార్లమెంటు ఎప్పుడు తేలుస్తుందో తేల్చనివ్వండి. యజమానిగా ప్రభుత్వం తన ఉద్యోగికి ఇవ్వాల్సినది ఇవ్వడానికి అప్పటిదాకా ఆగనక్కర్లేదు. ఆ అధికారం దాని చేతిలోనే ఉంది.

నకారా తీర్పు అందరిదీ

ఏటా డిసెంబరు 17న పింఛనుదారుల దినం జరుపుకుంటాం. 1982లో అదే రోజున సుప్రీంకోర్టు డి.ఎస్. నకారా కేసులో తీర్పు ఇచ్చింది. పింఛను యజమాని దయతో పడేసే భిక్ష కాదనీ, చేసిన సేవకు ప్రతిఫలమనీ, ఆ హక్కు పంచేటప్పుడు పింఛనుదారులను ఇష్టం వచ్చినట్టు విడగొట్టకూడదనీ చెప్పింది. వేదిక ఎక్కిన ప్రతి నాయకుడూ ఆ మాటలు అప్పజెప్పకుండా దిగడు. నాకూ ఆ తీర్పంటే గౌరవం, దాని పుణ్యాన మా అమ్మ చివరి పదేళ్లు ఎవరి ముందూ చెయ్యి చాపలేదు.

అలాంటి ఒక సభలోనే నేను ఈ విషయం ఎత్తాను. పింఛను ప్రతిఫలమే అయితే, ఉద్యోగి జీవితాంతం ఎవరితో బతికాడో వాళ్లకు అది అందకుండా చేయడం న్యాయమా అని అడిగాను. ఒక పెద్దాయన, మంచివాడే, నెమ్మదిగా చెప్పాడు: "బకాయి డీఏలకే దిక్కు లేదమ్మా, మధ్యలో ఇది తెస్తే మన అసలు డిమాండ్లు కూడా నవ్వులపాలవుతాయి." ఆయన భయం నాకు అర్థమైంది. కానీ నకారా గెలిచింది కూడా సరిగ్గా ఇలాంటి మాట మీదే. ఒక తేదీకి ముందు రిటైరైనవాళ్లకు కొత్త లెక్క వర్తించదు, వాళ్లనూ చేర్చితే ఖర్చు పెరుగుతుంది అన్నది ఆనాటి అభ్యంతరం. కొందరిని బయటే ఉంచమనే తర్కాన్ని అప్పుడు ఒప్పుకుని ఉంటే మనకు డిసెంబరు 17 ఉండేదే కాదు.

కోర్టు వద్దన్నది ఒకటి, వద్దననిది ఒకటి

స్వలింగ వివాహాల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన 2023 అక్టోబరు 17 నాటి సుప్రియో తీర్పు గురించి అందరికీ తెలుసు. ఆ కేసు వేసిన సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ మన హైదరాబాదు జంట. వివాహ హక్కు ప్రాథమిక హక్కు కాదని అయిదుగురు న్యాయమూర్తులూ అన్నారు. పౌర బంధంగా గుర్తించాలా అన్న దగ్గర ముగ్గురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపు నిలిచారు. వార్త అక్కడితో ఆగిపోయింది కాబట్టి చాలామంది "కోర్టే వద్దంది కదా" అని ముగించేస్తారు.

తీర్పును చివరిదాకా చదివినవాళ్లకు వేరే సంగతి కనిపిస్తుంది. మెజారిటీ తరఫున రాసిన జస్టిస్ రవీంద్ర భట్, ఉద్యోగి కష్టపడి సంపాదించుకున్న ప్రయోజనాలను పెళ్లితో ముడిపెట్టడం వల్ల స్వలింగ జంటలకు జరిగే నష్టాన్ని గుర్తించారు. ఆయనతో ఏకీభవించిన జస్టిస్ పి.ఎస్. నరసింహ, ఇలాంటి ప్రయోజనాలు ఎవరికి అందుతున్నాయో, ఎవరికి అందడం లేదో సమీక్షించే పని శాసనసభకూ కార్యనిర్వాహక వర్గానికీ తగినదన్నారు. అంటే పెళ్లి ఇవ్వబోమన్న న్యాయమూర్తులు కూడా పింఛను తలుపు మూయలేదు. దాన్ని ప్రభుత్వం వైపు తిప్పారు.

సర్వీసు నియమాల్లో తలమునకలైనవాళ్లకు ఇక్కడో ముఖ్యమైన విషయం తెలుసు. పింఛను నియమాలు పార్లమెంటు చేసిన చట్టం కావు. రాజ్యాంగం 309 అధికరణం కింద రాష్ట్రపతి పేరుతోనో గవర్నరు పేరుతోనో కార్యనిర్వాహక వర్గం చేసే నియమాలవి. ఆరోగ్య పథకాలు, సెలవు ప్రయాణ రాయితీ (ఎల్టీసీ), క్వార్టర్ల కేటాయింపు, బదిలీల మార్గదర్శకాలు కూడా అలా ప్రభుత్వ ఉత్తర్వుల మీద నడిచేవే. కుటుంబం అంటే ఎవరన్నది ఈ నియమాల్లో ఎన్నిసార్లు మారలేదు? వితంతువో విడాకులు పొందినదో అయిన కుమార్తెకు 25 ఏళ్లు దాటాక కూడా కుటుంబ పింఛను ఇవ్వడం 2004లో వచ్చింది. పెళ్లికాని కుమార్తెలకు 2007లో వచ్చింది. విడాకుల కేసో గృహహింస కేసో నడుస్తున్న మహిళా ఉద్యోగి తన కుటుంబ పింఛనుకు భర్త కంటే ముందు పిల్లలను పెట్టుకోవచ్చని 2024 జనవరిలో చెప్పారు. సరోగసీ ద్వారా తల్లయిన ఉద్యోగికి 180 రోజుల సెలవు అదే ఏడాది జూన్‌లో వచ్చింది. వీటిలో ఒక్కదానికీ పార్లమెంటులో బిల్లు పెట్టలేదు. ఇవన్నీ మంచి మార్పులే. చేయాలనుకుంటే ఒక శాఖ ఒక ఉత్తర్వుతో చేయగలదని ఇవి చూపిస్తున్నాయి.

2022 ఆగస్టులో దీపికా సింగ్ కేసు గురించి ఉద్యోగ సంఘాలు పెద్దగా మాట్లాడలేదు. చండీగఢ్‌లోని ఒక ప్రభుత్వ వైద్య సంస్థలో నర్సు ఆమె. భర్త మొదటి భార్య పిల్లల కోసం శిశు సంరక్షణ సెలవు వాడుకున్నావు కాబట్టి సొంత బిడ్డకు ప్రసూతి సెలవు ఇవ్వబోమన్నారు. సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేస్తూ, కుటుంబం ఒకే మూసలో ఉండదనీ, పెళ్లి లేని సహజీవనాలూ స్వలింగ బంధాలూ కూడా కుటుంబ రూపాలు కావచ్చనీ, చట్టం రక్షణకే కాక సంక్షేమ చట్టాల ప్రయోజనాలకూ అవి అర్హమైనవేననీ రాసింది. అది ప్రభుత్వ సర్వీసు నియమాల మీద వచ్చిన తీర్పు. అంటే నేరుగా మన ఫైలే.

2024లో ఇచ్చింది ఎంత?

కమిటీ పడ్డాక కొన్ని ఉత్తర్వులు వచ్చిన మాట నిజం. 2024లో, రేషన్ కార్డు కోసం స్వలింగ జంటను ఒకే ఇంటివాళ్లుగా చూడాలని రాష్ట్రాలకు రాశారు. ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికీ, సహచరుడిని నామినీగా పెట్టడానికీ అడ్డు లేదని ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. దగ్గరి బంధువులు లేనప్పుడు మృతదేహాన్ని సహచరులు తీసుకునేలా ఆరోగ్య శాఖ లేఖ రాసింది. చివరిది చిన్న విషయం కాదు. ఆసుపత్రి మార్చురీ ముందు "నువ్వేమవుతావు?" అన్న ప్రశ్నకు జవాబు లేక నిలబడ్డ మనిషికి ఆ లేఖ విలువ తెలుస్తుంది.

కానీ బ్యాంకు సంగతి చూడండి. ఇద్దరు స్నేహితులు ఉమ్మడి ఖాతా తెరవకూడదని ఏనాడూ లేదు. నామినీగా ఎవరినైనా పెట్టుకోవచ్చు. పైగా నామినీ అంటే డబ్బుకు సొంతదారు కాడు, వారసుల తరఫున తీసుకునేవాడు మాత్రమేనని కోర్టులు ఎప్పుడో చెప్పాయి. రేపు అన్నదమ్ములు దావా వేస్తే ఆ నామినీ చేతిలో మిగిలేది కాగితమే. కొత్తగా ఇచ్చినట్టు కనిపించిన దానిలో చాలావరకు అంతకు ముందు ఉన్నదే.

అసలు డబ్బు ఉన్నచోట, అంటే గ్రాట్యుటీ, భవిష్యనిధి, కుటుంబ పింఛను దగ్గర, ఏ ఉత్తర్వూ లేదు. జీపీఎఫ్‌ అనే ఈ భవిష్యనిధికీ గ్రాట్యుటీకీ నియమం ఏమంటుందంటే, చందాదారుకు కుటుంబం ఉంటే కుటుంబంలోని వాళ్లనే నామినీగా రాయాలి. తల్లో తండ్రో బతికి ఉంటే బయటి మనిషి పేరు రాసినా చెల్లదు. కుటుంబ పింఛను సంగతి ఇంకా గట్టిది. అది ఉద్యోగి ఆస్తి కాదు కాబట్టి వీలునామాలో కూడా రాయలేడని సుప్రీంకోర్టు చెప్పింది. ఇల్లు రాయవచ్చు, పొలం రాయవచ్చు, బంగారం రాయవచ్చు. చివరి బేసిక్‌లో 30 శాతంగా, దాని మీద కరువు ఉపశమనంతో, బతికినన్నాళ్లూ వచ్చే ఆ మొత్తం మాత్రం ఎవరికీ రాయలేడు. నియమం మారితే తప్ప దారి లేదు.

ఆ తల్లి అడిగిన మాట

సర్వీసులో ఉండగా ఒక ఫైలు నా దగ్గరికి వచ్చింది. వివరాలు మార్చి చెబుతున్నాను. జూనియర్ కాలేజీ లెక్చరరు, పెళ్లి చేసుకోలేదు, కిడ్నీ జబ్బుతో సర్వీసులోనే పోయాడు. ఒకతనితో కలిసి చాలా ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉండేవాడు. డయాలసిస్‌కు తీసుకెళ్లింది, సెలవు కాగితాలు మోసింది, చివర్లో ఆసుపత్రి కారిడార్లో పడుకుంది ఆ మనిషే. జీపీఎఫ్ నామినేషన్‌లో అతని పేరే రాసి ఉంది, బంధుత్వం అన్న గడి ఖాళీగా ఉంది. ఊళ్లో తల్లి బతికి ఉంది కాబట్టి ఆ నామినేషన్ చెల్లలేదు. అంతా ఆమెకే.

ఆమెను బస్సెక్కించి ఆఫీసుకు తీసుకొచ్చింది అతనే. ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగి ఫ్యామిలీ మెంబరు సర్టిఫికెట్ తెప్పించాడు, ఫారాలు నింపాడు, వేలిముద్ర ఎక్కడ వేయాలో చూపించాడు. అంతా అయ్యాక ఆమె నన్ను అడిగింది: "ఈ అబ్బాయికి ఏమీ రాదా అమ్మా? నా కొడుకు ఇంట్లో ఉన్నవాడు గదా." రాదని చెప్పాను. నియమం అదే. ఆమె ఇంకేం అడగలేదు.

ఈ ఘటన చెప్పినప్పుడల్లా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసుకోలేను. సహచరుడికి హక్కు ఇస్తే ఆ తల్లి గతేమిటి? పెళ్లికాని కొడుకు మీద ఆధారపడ్డ ముసలివాళ్లు మన ఇళ్లల్లో ఎంతమంది లేరు? పెళ్లయిన ఉద్యోగి విషయంలో కుటుంబ పింఛను ముందు భార్యకో భర్తకో, తర్వాత పిల్లలకు, వాళ్లెవరూ లేనప్పుడే ఆధారపడ్డ తల్లిదండ్రులకు. అదే వరసలో సహచరుడిని పెడితే తల్లి వెనక్కి పోతుంది. పెళ్లయిన కొడుకుల తల్లులు ఆ స్థితిలోనే ఉన్నారన్నది తర్కంగా సరైన జవాబే గానీ, ఆ ముసలమ్మ ముందు కూర్చున్న నాకు అది చాలలేదు.

నియమాల్లోనే ఇంకో దారి ఉంది. వ్యక్తిగత చట్టం ప్రకారం ఇద్దరు భార్యలున్న ఉద్యోగి చనిపోతే కుటుంబ పింఛనును ఇద్దరికీ సమానంగా పంచుతారు. పంచడం కొత్త లెక్క కాదు, పింఛను సెక్షన్లో పనిచేసిన ఎవరికైనా తెలిసిన లెక్కే. ఆధారపడ్డ తల్లిదండ్రులకూ సహచరుడికీ మధ్య కూడా అలాగే పంచవచ్చు, ఒకరు పోయాక మిగిలినవాళ్లకు పూర్తిగా వెళ్లేలా. పెళ్లయిన జంటలకు లేని ఈ షరతు స్వలింగ జంటలకు మాత్రం ఎందుకని కొందరు మిత్రులు నన్ను తప్పుపట్టారు. సమానత్వం దృష్ట్యా వాళ్లదే సరైన మాట. అయినా మొదటి మెట్టుగా నేను పంపకాన్నే కోరుకుంటాను. తల్లిని ఎదురుగా నిలబెట్టి ఈ హక్కును ఓడించే వీలు ఎవరికీ ఇవ్వకూడదు.

దొంగ జంటలు వస్తారా?

ఇద్దరు స్నేహితులు ఉత్తుత్తినే జంటమని రాసిచ్చి ప్రయోజనాలు పొందరా అని అడుగుతారు. పెళ్లయిన జంటల్ని మనం ఎలా నమ్ముతున్నామో ఒకసారి గుర్తు తెచ్చుకుందాం. మన దగ్గర పాతతరం పెళ్లిళ్లలో రిజిస్టరైనవి ఎన్ని? ఉద్యోగి తన కుటుంబ సభ్యుల జాబితా రాసిస్తాడు, అది సర్వీసు రిజిస్టరులో చేరుతుంది, ముప్పై ఏళ్ల తర్వాత దాని ఆధారంగానే పింఛను మంజూరవుతుంది. ఆధారపడ్డ తల్లిదండ్రుల ఆదాయం గురించి కూడా ఉద్యోగి మాటే ప్రమాణం. తప్పుడు డిక్లరేషన్ ఇస్తే క్రమశిక్షణ చర్య ఉంది, రికవరీ ఉంది. కొన్నేళ్లపాటు ఒకే చిరునామా, ఉమ్మడి ఖాతా, ఒక సమయంలో ఒకే సహచరుడు, ఇద్దరిలో ఎవరికీ నిలిచి ఉన్న పెళ్లి ఉండకూడదు. ఈ షరతులు పెడితే దొంగతనం పెళ్లి మార్గంలో కంటే కష్టమవుతుంది.

నన్ను నిజంగా నిద్రపట్టనివ్వని అనుమానం వేరు. హక్కు ఇచ్చారే అనుకుందాం, దాన్ని అడిగేదెవరు? మండల కేంద్రంలో పనిచేసే ఒక ఆడపిల్ల తన సహచరి పేరు హెల్త్ కార్డులో చేర్చమని అర్జీ పెడితే, ఆ కాగితం బిల్లు క్లర్కు చూస్తాడు, సూపరింటెండెంటు చూస్తాడు, జీతాల బిల్లులు చేసే అధికారి (డీడీఓ) సంతకం పెడతాడు. సాయంత్రానికి టీ కొట్టు దగ్గర అదే మాట. ఆ మర్నాడు అద్దె ఇల్లు ఖాళీ చేయమంటారు. 2010లో అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ సిరాస్‌కు ఏమైందో దేశమంతా చూసింది. ఆయన ఇంట్లోకి చొరబడి వీడియో తీశారు, విశ్వవిద్యాలయం ఆయన్నే సస్పెండ్ చేసింది. హైకోర్టు ఆ సస్పెన్షన్‌ను ఆపిన కొద్ది రోజులకే ఆయన చనిపోయారు. స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377 సెక్షను కోరలు 2018లో తీశాక చట్టం మారింది గానీ, ఆఫీసు వరండా అంత తొందరగా మారదు.

అందుకే నా దృష్టిలో మొదట రావాల్సినది బంధుత్వం చెప్పనక్కర్లేని నామినేషన్. గ్రాట్యుటీ, భవిష్యనిధి, బీమా మొత్తాలకు ఉద్యోగి తనకు నచ్చిన మనిషి పేరు రాసుకోవచ్చు అంటే చాలు. అది ప్రాణస్నేహితుడు కావచ్చు, పెంచిన పిన్ని కావచ్చు, సహచరుడు కావచ్చు. ఎవరూ ఏమీ బయటపెట్టుకోనక్కర్లేదు, పెళ్లి చేసుకోని ఇతర ఉద్యోగులకూ మేలు. కుటుంబ పింఛనుకు మాత్రం బంధం చెప్పక తప్పదు. ఆ డిక్లరేషన్‌ను సర్వీసు రిజిస్టరులో అతికించకుండా, సీలు వేసిన కవరులో నేరుగా పింఛను మంజూరు చేసే అధికారి దగ్గర ఉంచి, ఉద్యోగి పోయాకే తెరిచే ఏర్పాటు చేయవచ్చు. హెల్త్ కార్డుకు, బదిలీలకు ఈ పద్ధతి పనికిరాదు, అక్కడ బతికి ఉండగానే పేరు చెప్పాలి. తెలంగాణలో ఉద్యోగులను జిల్లాల వారీగా సర్దిన 317 జీఓ తర్వాత భార్యాభర్తలు వేర్వేరు జిల్లాల్లో పడి ఎంత గోడు వెళ్లబోసుకున్నారో చూశాం, రోడ్డెక్కి స్పౌజ్ బదిలీలు అడిగారు. అదే కష్టం పడ్డ ఇద్దరు టీచరమ్మలు నాకు తెలుసు. వాళ్లు ఏ ధర్నాలోనూ కూర్చోలేకపోయారు, ఏమని కూర్చుంటారు? దీనికి నా దగ్గర పూర్తి పరిష్కారం లేదు. కానీ అడిగే ధైర్యం ఇవాళ పదిమందికే ఉన్నా, ఆ పదిమందికీ నియమం తోడుండాలి.

బయటి దేశాల్లో పెళ్లికి ముందే

పింఛను ఇస్తే రేపు పెళ్లీ అడుగుతారన్నది ఇంకో అభ్యంతరం. అడగవచ్చు, నా వరకు నేను ఆ రోజు కోసం ఎదురుచూస్తున్నాను. అయితే ఒకటి ఇస్తే రెండోది ఇచ్చి తీరాల్సిందేనని లోకానుభవం చెప్పడం లేదు. దక్షిణాఫ్రికాలో ఒక పోలీసు కెప్టెన్ తన సహచరిని వైద్య పథకంలో చేర్చుకునే హక్కు 1998లో కోర్టులో గెలుచుకుంది. న్యాయమూర్తి క్యాథీ శాచ్‌వెల్, జడ్జీల సర్వీసు ప్రయోజనాలు తన సహచరికీ వర్తించాలని వాదించి 2002లో రాజ్యాంగ న్యాయస్థానంలో నెగ్గారు. ఆ దేశంలో స్వలింగ వివాహం వచ్చింది 2006లో. హాంకాంగ్‌లో ఇమ్మిగ్రేషన్ అధికారి లియాంగ్ చున్ క్వాంగ్ బయటి దేశంలో పెళ్లాడిన తన భర్తకు 2019లో ఉద్యోగ ప్రయోజనాలు సాధించారు, అక్కడ స్వలింగ వివాహం ఈనాటికీ లేదు. దక్షిణ కొరియాలో కూడా లేదు. అయినా జాతీయ ఆరోగ్య బీమాలో స్వలింగ సహచరుడిని ఆధారపడ్డ వ్యక్తిగా చేర్చాల్సిందేనని 2024 జులైలో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

అమెరికా అనుభవం మనకు ఇంకోలా పనికొస్తుంది. 2009 జూన్‌లో ఒబామా ఫెడరల్ ఉద్యోగుల సహచరులకు ప్రయోజనాలు పెంచుతూ ఉత్తర్వు ఇచ్చారు గానీ ఆరోగ్య బీమా, పింఛను ఇవ్వలేకపోయారు. పెళ్లి అంటే స్త్రీపురుషుల మధ్యనే అని 1996లో చేసిన చట్టం చేతులు కట్టేసింది. 2013లో వాళ్ల సుప్రీంకోర్టు ఆ నిర్వచనాన్ని కొట్టేశాకే దారి దొరికింది. మన పింఛను నియమాలకు అలాంటి అడ్డు చట్టం ఏదీ లేదు. అక్కడ అధ్యక్షుడు చేయలేనిది ఇక్కడ ఒక శాఖ కార్యదర్శి ప్రతిపాదనతో మొదలుపెట్టవచ్చు.

రాష్ట్రాలు ఢిల్లీ కోసం ఆగాలా?

రాష్ట్ర ఉద్యోగులకు కుటుంబ పింఛను 1980 నాటి ఆంధ్రప్రదేశ్ రివైజ్డ్ పింఛను నియమాల మీద నడుస్తోంది. విడిపోయాక తెలంగాణ కూడా వాటినే తీసుకుంది. వాటిని సవరించే అధికారం ఆయా ప్రభుత్వాలదే. కోర్టుల వాతావరణం కూడా ఎదురుగా లేదు. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, తండ్రి నిర్బంధంలో ఉన్న యువతిని తన సహచరితో వెళ్లనిచ్చింది. 2025 మేలో మద్రాసు హైకోర్టు, కుటుంబం ఏర్పడడానికి పెళ్లి ఒక్కటే మార్గం కాదని చెప్పింది.

నియమాల్లో కావాల్సిన సవరణ పెద్దది కాదు. కుటుంబ నిర్వచనంలో ఒక ఉపనిబంధన, నామినేషన్ మీద ఉన్న ఆంక్ష తొలగింపు, పంపకానికి ఒక సూత్రం, విడిగా దాచే డిక్లరేషన్. వచ్చే వేతన సవరణ కమిషన్‌ (పీఆర్సీ)కి ఇచ్చే వినతిపత్రంలో ఇవి చేర్చమని మా పింఛనుదారుల సంఘం జిల్లా శాఖకు రాతపూర్వకంగా ఇచ్చాను. చివరి పేజీలో ఇతర అంశాల కింద వద్దనీ, కుటుంబ పింఛను అధ్యాయంలో విడాకులు పొందిన కుమార్తెల అంశం వెంటనే పెట్టమనీ అడిగాను. కార్యవర్గం చర్చకు తీసుకుంటామంది.